కాన్పు తేదీ తుపానుకు తెలియదు

తుపాను హెచ్చరిక రాగానే కొవ్వొత్తులు, పాలప్యాకెట్లు, తాగునీటి డబ్బాలు గుర్తొస్తాయి. ఇంట్లో నెలలు నిండిన అమ్మాయి ఆసుపత్రి ఫైలు, ఆడపిల్లల నెలసరి అవసరాలు, పక్క వాటాలో రాత్రిళ్లు వినిపించే అరుపులు మాత్రం ఎవరి జాబితాలోనూ ఉండవు. వరద వచ్చాక వీటి గురించి ఆలోచించడమంటే ఇల్లు కాలుతున్నప్పుడు బావి తవ్వడమే. ముందుగా ఏం చేసుకోవాలో, ఊరి అధికారులను ఏం అడగాలో చూద్దాం.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. మా బంధువుల కోడలికి అప్పుడు తొమ్మిదో నెల. డాక్టరు చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజుల గడువుంది కాబట్టి ఎవరూ కంగారు పడలేదు. సోమవారం రాత్రి నొప్పులు మొదలయ్యాయి. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. వీధి నిండా కూలిన చెట్లు. ఎలాగోలా ఆటోలో కొంత దూరం, నడిచి కొంత దూరం వెళ్లి పేరు నమోదు చేయించుకున్న నర్సింగ్‌హోమ్‌కు చేరితే గేటుకు తాళం! డీజిల్ అయిపోయి మూసేశారట. అక్కడి నుంచి ప్రభుత్వాసుపత్రికి పరుగు. డ్యూటీ డాక్టరు నాలుగే ప్రశ్నలు అడిగారు. ఎన్నో వారం? బీపీ ఉందా? రక్తం గ్రూపు ఏమిటి? చివరి స్కానింగ్‌లో ఏం రాశారు? రక్తం గ్రూపు భర్త ఒకటి చెబితే అత్తగారు ఇంకొకటి చెప్పారు. మిగతా వివరాలన్నీ ఆ మూసేసిన నర్సింగ్‌హోమ్ కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి.

బిడ్డ క్షేమంగా పుట్టింది. కానీ ఆ నాలుగు ప్రశ్నలకు జవాబులు ఒక కాగితం మీద ఉండి ఉంటే, ఆ అమ్మాయిని శనివారమే ఆసుపత్రి పక్కన ఉన్న బంధువుల ఇంటికి చేర్చి ఉంటే అంత అవస్థ ఉండేది కాదు. తుపాను వస్తోందని నాలుగు రోజుల ముందే తెలుసు. కాన్పు దగ్గర పడిందనీ తెలుసు. రెంటినీ ఎవరూ కలిపి చూడలేదు, అంతే.

రోజుకు నాలుగు కాన్పులు

మీరే ఒక లెక్క వేసి చూడండి. లక్ష జనాభా ఉన్న పట్టణం వరదలో చిక్కుకుందనుకుందాం. వెయ్యి మందికి ఏడాదికి 15 కాన్పుల చొప్పున చూసుకున్నా ఆ పట్టణంలో రోజుకు నాలుగు కాన్పులు జరగాలి. నీళ్లు తీయడానికి పది రోజులు పడితే నలభై కాన్పులు. గర్భిణుల్లో దాదాపు 15 శాతం మందికి ప్రాణాపాయం తెచ్చే చిక్కులు రావచ్చని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి అంచనా. అంటే ఆ పది రోజుల్లో కనీసం ఆరుగురికి ఆపరేషన్ థియేటరో, రక్తమో, నిపుణుల చికిత్సో కావాలి. వాళ్లెవరో కచ్చితంగా ముందే చెప్పలేకపోవచ్చు, కానీ ఎంతమంది ఉంటారో చెప్పవచ్చు. ఎక్కువ ముప్పు ఉన్నవారి పేర్లయితే ఆశా కార్యకర్త రిజిస్టరులో ముందే ఉంటాయి.

ఒడిశా పట్టుకున్నది ఈ లెక్కనే. 1999 సూపర్ సైక్లోన్‌లో దాదాపు పదివేల మందిని పోగొట్టుకున్న రాష్ట్రం అది. 2024 అక్టోబరులో దానా తుపాను తీరం దాటడానికి ముందే నాలుగు వేల మందికి పైగా గర్భిణులను ఆసుపత్రులకు, ఆరోగ్య కేంద్రాలకు తరలించారు. తుపాను వెళ్లేసరికి వారిలో సుమారు 1,600 మందికి కాన్పులు అయ్యాయని అక్కడి ముఖ్యమంత్రి ప్రకటించారు. వీళ్లంతా ఆ గాలివానలో, తెగిన రోడ్ల మధ్య అంబులెన్సు కోసం ఎదురుచూస్తూ ఉండాల్సినవాళ్లే. మారుమూల ప్రాంతాల గర్భిణులు కాన్పుకు ముందే వచ్చి ఉండేందుకు ఒడిశాలో ‘మా గృహ’ అనే వసతి గృహాలున్నాయి. మామూలు రోజుల కోసం కట్టినవి తుపాను రోజున అక్కరకొచ్చాయి.

2018 ఆగస్టులో కేరళ వరదల్లో ఉమ్మనీరు పోయిన ఒక గర్భిణిని నౌకాదళం హెలికాప్టర్‌లోకి తాడుతో లాగి కాపాడిన వీడియో మీరూ చూసే ఉంటారు. కాసేపటికే ఆమెకు మగబిడ్డ పుట్టాడు. ఆ సిబ్బంది సాహసానికి చేతులెత్తి మొక్కాల్సిందే. కానీ హెలికాప్టర్ అందరికీ రాదు. రెండు రోజుల ముందు బయల్దేరిన ఆటో దాని కంటే భద్రం.

ఇది మన ఇంటి సంగతి కూడా

‘పునరావాస కేంద్రాలకు వెళ్లేవాళ్ల గొడవ ఇది, మాది మూడో అంతస్తు’ అనుకుంటున్నారా? 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్‌లో మూడో అంతస్తు వాళ్లూ పడవ కోసమే ఎదురుచూశారు. లిఫ్టు ఆగింది, మోటారు ఆగింది, నీళ్ల ట్యాంకు ఖాళీ అయ్యింది. రోజుల తరబడి కింద వీధి కనిపించలేదు.

కాబట్టి ఇంట్లో గర్భిణి ఉంటే వాతావరణ శాఖ హెచ్చరిక మీకు రెండు రకాలుగా వినిపించాలి. 36 వారాలు దాటినవారు, కవలలు ఉన్నవారు, ఇంతకు ముందు సిజేరియన్ అయినవారు, బీపీ, మధుమేహం, తీవ్ర రక్తహీనత ఉన్నవారు, మాయ కిందికి ఉందని స్కానింగ్‌లో తేలినవారు వాన మొదలయ్యేదాకా ఆగకూడదు. రెండు మూడు రోజుల ముందే ఆసుపత్రికి దగ్గరగా వెళ్లిపోవాలి. తీరా వెళ్లాక తుపాను దారి మళ్లితే పోయేదేమీ లేదు, చుట్టాల ఇంట్లో నాలుగు రోజులు ఉండి వచ్చినట్లు అవుతుంది. మీ డాక్టరును మాత్రం ఒక మాట ముందే అడగండి: ‘ఆ రోజు మీ ఆసుపత్రి పనిచేయకపోతే ఎక్కడికి వెళ్లాలి?’ ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేని ఆసుపత్రి గురించి కాస్త ఆలోచించాల్సిందే. 2015 చెన్నై వరదల్లో కరెంటు పోయి, జనరేటర్లు నీట మునిగి ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రే రోగులను వేరేచోటికి తరలించాల్సి వచ్చింది.

మాతా శిశు సంరక్షణ కార్డు, చివరి స్కానింగ్ రిపోర్టు, రక్తం గ్రూపు, వాడుతున్న మందుల చీటీ, ఆధార్, ఆరోగ్య బీమా కార్డు... వీటి జిరాక్సులు జిప్ కవర్‌లో పెట్టి తలుపు దగ్గర వేలాడదీయండి. ఫోన్‌లో ఫొటోలు ఉన్నాయిగా అంటారేమో! ఫోన్ ఛార్జింగ్ మాటేమిటి? 108, 112 తప్ప మరో నంబరు నోటికి వచ్చినవాళ్లు మనలో ఎంతమంది? డాక్టరు, ఆశా కార్యకర్త, ఇద్దరు బంధువుల నంబర్లు కాగితం మీద రాసి అదే కవర్‌లో ఉంచండి. జిల్లా విపత్తు కంట్రోల్ రూమ్ 1077, రాష్ట్ర స్థాయిలో 1070.

రక్తస్రావం, కళ్లు బైర్లు కమ్మడం, తీవ్రమైన తలనొప్పి, ఫిట్స్, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం, జ్వరం... వీటిలో ఏది కనిపించినా నీళ్లు తగ్గేదాకా చూద్దామనుకోవద్దు. పడవ అడగండి, ట్రాక్టర్ అడగండి, పోలీసులను అడగండి. గర్భిణి ఉందని చెబితే సహాయక బృందాలు ముందుగా మీ దగ్గరికే వస్తాయి.

ఎటూ కదల్లేని స్థితిలో ఇంట్లోనే కాన్పు వచ్చేస్తే? ఫోన్ పనిచేస్తుంటే 108కి చేసి లైన్‌లోనే ఉండండి. ఆశా, ఏఎన్‌ఎం, రిటైరైన నర్సు, వీధిలో ఎవరున్నా పిలవండి. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. కింద శుభ్రమైన ప్లాస్టిక్ షీటు, దాని మీద ఉతికిన దుప్పటి పరవాలి. బిడ్డను, బొడ్డుతాడును లాగకూడదు. బిడ్డ పుట్టగానే పొడి బట్టతో తుడిచి, తల్లి ఛాతీ మీద చర్మానికి చర్మం తగిలేలా పడుకోబెట్టి ఇద్దరికీ కలిపి దుప్పటి కప్పాలి. స్నానం చేయించొద్దు. కొత్త బ్లేడు, శుభ్రమైన దారం లేకపోతే బొడ్డుతాడు కోయాల్సిన తొందరేమీ లేదు. మాయ బయటికి వచ్చాక దాన్ని బిడ్డతో పాటే ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లవచ్చు. తుప్పు బ్లేడుతో కోయడం కంటే అదే మేలు. గంటలోపు తల్లిపాలు పట్టించండి, తల్లికి రక్తస్రావం తగ్గడానికీ అది సాయపడుతుంది.

పాలపొడి డబ్బాలు పంపకండి

వరద రాగానే అపార్ట్‌మెంటు సంఘాలు, ఆఫీసులు సాయం పోగుచేస్తాయి. మంచి పనే. కానీ పసిపిల్లల కోసమని పాలపొడి డబ్బాలు పంపడం మాత్రం వద్దు. అక్కడ మంచినీళ్లు ఉండవు, సీసాలు మరిగించే వీలుండదు. ఆ సీసా పాలతో వచ్చే నీళ్ల విరేచనాలే పసిబిడ్డకు వరద కంటే పెద్ద ముప్పు. ‘భయానికి పాలు ఎండిపోయాయి’ అని పెద్దవాళ్లు అంటుంటారు. కంగారులో పాలు దిగడం కాస్త ఆలస్యం కావచ్చు కానీ, బిడ్డకు తరచూ పట్టిస్తుంటే మళ్లీ వస్తాయి. ఆ తల్లికి కావాల్సింది రెండు పూటలా భోజనం, కాస్త చాటు. నిజంగానే తల్లిపాలు అందని బిడ్డల సంగతి డాక్టర్లు చూసుకుంటారు. మీరు పంపాలనుకుంటే శానిటరీ ప్యాడ్లు, కొత్త లోదుస్తులు, తువ్వాళ్లు, సబ్బులు, టార్చిలైట్లు, ముతక నైటీలు పంపండి. పాత పట్టుచీరలు కూడా కొందరు పంపుతుంటారు. ఎందుకో అర్థం కాదు!

మన ఇంట్లోనూ అంతే. నెలకు సరిపడా ప్యాడ్లు, వాడినవి చుట్టేందుకు పాత పేపర్లు, నల్ల కవర్లు తీసిపెట్టండి. గుడ్డ వాడేవారికి వరదలో అది ఆరదు. తడి గుడ్డతో ఇన్‌ఫెక్షన్లు ఖాయం. ఇంకో మాట. బాత్రూముకు వెళ్లాల్సి వస్తుందని ఆడవాళ్లు నీళ్లు తాగడం మానేస్తారు. దాంతో మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్ మొదలవుతాయి. గర్భిణుల్లో అది నెలలు నిండకుండానే నొప్పులు తెప్పించవచ్చు.

రోజూ వాడే గర్భనిరోధక మాత్రలు ఒక నెలవి అదనంగా ఉంచుకోండి. ఒక మాత్ర మరిచిపోతే గుర్తొచ్చిన వెంటనే వేసుకుని మిగతావి మామూలుగా కొనసాగించవచ్చు. రెండు, అంతకంటే ఎక్కువ తప్పితే మళ్లీ మొదలుపెట్టాక వారం రోజులు కండోమ్ కూడా వాడాలి. మూడు నెలలకోసారి తీసుకునే ‘అంతర’ ఇంజెక్షన్ తేదీ దాటిపోతే భయపడొద్దు, నాలుగు వారాల్లోపు వెళ్లి వేయించుకోవచ్చు. హెచ్ఐవీకి ఏఆర్‌టీ మందులు వాడేవారు మాత్రం ఒక్క రోజూ ఆపకూడదు. మందులూ, చికిత్స పుస్తకమూ ఒంటి మీదే ఉండాలి. ఇంటికి దూరమైనా దగ్గరలోని మరో ఏఆర్‌టీ కేంద్రంలో మందులు అడగవచ్చు.

చీకట్లో తలుపు లేని గది

ఇక మనం మాట్లాడటానికి ఇష్టపడని విషయం. 1991లో బంగ్లాదేశ్‌ను ముంచిన తుపానులో దాదాపు 1,40,000 మంది చనిపోయారు. 20-44 ఏళ్ల వయసు స్త్రీలలో వెయ్యికి 71 మంది పోతే అదే వయసు మగవాళ్లలో 15 మంది పోయారు. షెల్టర్లలో ఆడవాళ్లకు వేరే చోటు లేదు, మరుగుదొడ్డి లేదు. పరాయి మగవాళ్ల మధ్య రాత్రంతా ఉండటానికి వెనకాడి చాలామంది ఇళ్లలోనే పిల్లల్ని పట్టుకుని ఉండిపోయారు. తర్వాత కట్టిన షెల్టర్లలో స్త్రీలకు వేరే గదులు పెట్టారు.

ఇంట్లో హింస సంగతి చూస్తే, పసిఫిక్ దేశం వనువాటులో 2011లో రెండు తుపాన్ల తర్వాత ఒక ప్రాంతపు మహిళా సహాయ కేంద్రానికి కొత్త గృహహింస కేసులు 300 శాతం పెరిగాయి. అంత దూరం ఎందుకు, 2020 లాక్‌డౌన్ మొదటి వారాల్లో మన జాతీయ మహిళా కమిషన్‌కు అందిన గృహహింస ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి. పని పోతుంది, అప్పులు మిగులుతాయి, మద్యం దుకాణం మాత్రం తెరుచుకుంటుంది. నష్టపరిహారం డబ్బు ఎవరి ఖాతాలో పడాలన్న దగ్గర గొడవ మొదలవుతుంది. చదువుకున్న ఇళ్లలో ఇవి ఉండవని అనుకోవడం మన భ్రమ. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి వరద తర్వాత వారం రోజులు రాకపోతే జీతం కోసే ముందు ఎందుకు రాలేదో ఒక్కసారి అడగండి.

లైంగిక దాడి జరిగితే గడియారం చూడాలి. హెచ్ఐవీ సోకకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా అత్యవసర మాత్ర కూడా త్వరగా వేసుకోవాలి. గరిష్ఠంగా ఐదు రోజుల వరకు ఉపయోగం ఉంటుంది కానీ ఆలస్యమయ్యే కొద్దీ పనితనం తగ్గుతుంది. ధనుర్వాతం, హెపటైటిస్-బి టీకాలూ అవసరమవుతాయి. ఒంటి మీది బట్టలు ఉతక్కుండా కాగితపు సంచిలో ఉంచితే ఆధారంగా పనికొస్తాయి. అప్పటికే స్నానం చేసేసినా, బట్టలు పోయినా ఆసుపత్రికి వెళ్లడం మానొద్దు.

పోలీసు కేసు పెడితేనే చికిత్స అని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రభుత్వ ఆసుపత్రి అయినా, ప్రైవేటు ఆసుపత్రి అయినా బాధితులకు వెంటనే, ఉచితంగా వైద్యం చేయాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ సెక్షన్ చెబుతోంది. మీ పోలీసు స్టేషను నీళ్లలో ఉన్నా ఫర్వాలేదు, ఏ స్టేషనులోనైనా జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేయించవచ్చు. బాధితురాలికి 18 ఏళ్లు నిండకపోతే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు తెలపడం తప్పనిసరి. మహిళా సహాయవాణి 181, పిల్లల కోసం 1098. జిల్లాల్లోని ‘సఖి’ కేంద్రాల్లో వైద్యం, కౌన్సెలింగ్, న్యాయసాయంతో పాటు ఐదు రోజుల వరకు తలదాచుకునే వీలుంటుంది. మీ జిల్లా సఖి కేంద్రం ఎక్కడుందో మీకు తెలుసా? ఈ వారం ఓసారి కనుక్కోండి.

ఊరిని అడగాల్సిన ప్రశ్నలు

ప్రపంచంలో దీనికి ఒక పద్ధతి ఎప్పుడో ఏర్పడింది. 1990ల్లో శరణార్థి శిబిరాల్లో స్త్రీల అవస్థలు చూశాక ఐక్యరాజ్యసమితి విభాగాలు, సహాయ సంస్థలు కలిసి ‘కనీస ప్రాథమిక సేవల ప్యాకేజీ’ తయారుచేశాయి. విపత్తు వచ్చిన 48 గంటల్లో వీలైతే మొదలు కావాల్సిన పనులు అందులో ఉన్నాయి. ఎవరు బాధ్యత తీసుకోవాలి, లైంగిక హింసను ఎలా ఆపాలి, బాధితులకు వైద్యం ఎలా అందాలి, హెచ్ఐవీ ఎలా సోకకుండా చూడాలి, కాన్పు మరణాలు ఎలా ఆపాలి, అవాంఛిత గర్భాలు ఎలా నివారించాలి అన్నవి ముఖ్యమైనవి. ఆ 48 గంటల్లో కొత్తగా ఏదీ కొనలేం, ఎవరికీ శిక్షణ ఇవ్వలేం. అప్పటికే అలమారలో ఉన్నదే అక్కరకొస్తుంది.

మన దేశంలోనూ విపత్తు నిర్వహణ చట్టం కింద జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ పునరావాస కేంద్రాలకు కనీస ప్రమాణాలు పెట్టింది. 30 మందికి ఒక మరుగుదొడ్డి, స్త్రీలకు విడిగా, కేంద్రానికి 50 మీటర్లలోపు. శానిటరీ ప్యాడ్లతో కూడిన కిట్లు ఇవ్వాలి, గర్భిణులకు సురక్షిత కాన్పు ఏర్పాట్లు చేయాలి. కాగితం మీద బాగానే ఉంది. మీ వార్డులో పునరావాస కేంద్రంగా గుర్తించిన పాఠశాలకు ఒకసారి వెళ్లి చూడండి. ఆడవాళ్ల మరుగుదొడ్డికి లోపల గొళ్లెం ఉందా? దారిలో దీపం ఉందా? ఈ రెండింటికీ అయ్యే ఖర్చు ఎంతని! కార్పొరేటరు మీ ఇంటికి ఓటుకు వచ్చినప్పుడు అడగదగ్గ ప్రశ్నలే ఇవి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగాల్సింది ఇంకొకటి ఉంది. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపే ఆక్సిటోసిన్ ఇంజెక్షన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఫ్రిజ్‌లో ఉంచాలి. రెండు రోజులు కరెంటు పోతే ఆ మందు పనితనం మీద నమ్మకం ఉండదు. మరి ఫ్రిజ్‌కు జనరేటరు ఉందా, ఉంటే అది నీళ్లు చేరని ఎత్తులో ఉందా, డీజిల్ ఎన్ని రోజులకు ఉంది? నెలలు నిండిన గర్భిణుల జాబితా ఆశా దగ్గరే ఉందా, తహసీల్దారు కార్యాలయానికీ చేరిందా? పడవలు పంపేది తహసీల్దారు కదా!

పది రోజుల్లో తగ్గిపోయే నీళ్ల గురించే ఇప్పటివరకూ చెప్పుకున్నాం. కొన్ని నష్టాలు ఆ తర్వాత బయటపడతాయి. 2004 సునామీలో తమిళనాడు తీరంలో పిల్లలందరినీ పోగొట్టుకున్న తల్లులు కొందరు ఉన్నారు. వాళ్లకు అప్పటికే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిపోయింది. గర్భనాళాలను తిరిగి కలిపే శస్త్రచికిత్సను అక్కడి ప్రభుత్వం ఉచితంగా చేయించింది. సహాయమంటే బియ్యం, దుప్పట్లే అనుకునే రోజుల్లో ఆ తల్లుల అవసరాన్ని ఎవరో ఒకరు విని, ఫైలు మీద రాశారు.

హుద్‌హుద్ మర్నాటి రాత్రి పుట్టిన ఆ పాప ఇప్పుడు హైస్కూల్‌లో చదువుతోంది. వాళ్లింటి తలుపు వెనక మేకుకు ఒక జిప్ కవర్ వేలాడుతుంటుంది. అందులో అందరి రక్తం గ్రూపులు, మందుల చీటీలు, నంబర్లు రాసిన కాగితం, ఒక టార్చి, ఈ ఏడాది నుంచి పాప కోసం ఒక ప్యాడ్ల ప్యాకెట్టు కూడా. ఏటా అక్టోబరు మొదటి వారంలో ఆ కవర్ దించి, టార్చిలో బ్యాటరీలు మార్చే పని పాపదే.